మూడో రోజు సిస్టర్ అడిగిన మాట: అల్సరేటివ్ కొలైటిస్‌తో నా ఎనిమిదేళ్ళు

ఇది రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా, ప్రతిసారీ మోషన్ అన్న మాట దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. గుండె జబ్బు అని చెప్తే అందరూ కూర్చోబెట్టి మాట్లాడతారు, షుగర్ అయితే పెళ్ళిళ్ళలో కూడా నలుగురూ చెప్పుకుంటారు, పేగు జబ్బు అంటే మాత్రం మనిషి ముఖం పక్కకి తిరిగిపోతుంది, అందులోనూ ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్ళే ముందు నోరు మూయించేస్తారు. ఈసారి ఎలాగైనా పూర్తి చేస్తా.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2016 వానాకాలంలో నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతున్నప్పుడు మొదలైంది, మోషన్‌లో జిగట, తర్వాత రక్తం. మొదటి రెండు నెలలు పీరియడ్స్ రక్తమే అటు ఇటు అయ్యిందేమో అనుకున్నా, నిజంగా అలాగే అనుకున్నా, ఎందుకంటే ఆడవాళ్ళకి రక్తం కనపడటం కొత్త కాదు కదా, అదేదో ఉంటుందిలే అని సర్దుకోవడం చిన్నప్పట్నుంచీ అలవాటు. ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో పన్నెండు మందికి రెండు బాత్రూములు, తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్ళొచ్చేదాన్ని, ఎవరూ తలుపు కొట్టకుండా. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ నా ముఖం చూసి తెల్లగా పాలిపోయావేంటే అంది, అప్పుడు చెప్పా. వేడి చేసింది అంది. దానిమ్మ తొక్క కషాయం, మజ్జిగ అన్నం, కారం బంద్. ఊళ్ళో ఆర్ఎంపీ గారు చూడకుండానే మొలలు అని మాత్రలిచ్చారు, చూపించమని ఆయనా అడగలేదు, నేనూ చూపించేదాన్ని కాదు. అలా ఇంకో రెండు నెలలు.

2017లో విజయవాడలో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికెళ్తే కొలొనోస్కోపీ చెయ్యాలన్నారు. ఎవరు చేస్తారు అని అమ్మ అడిగింది, సారే చేస్తారు అన్నారు. లేడీ డాక్టర్ ఉంటే చెప్పండి అప్పుడొస్తాం అని అమ్మ నన్ను లేపి బయటికి తీసుకొచ్చేసింది. ఆ లేడీ డాక్టర్ కోసం వెతకడంలో మూడు నెలలు పోయాయి. అప్పటికి హిమోగ్లోబిన్ 7.2. అమ్మని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, నాకూ అదే కావాల్సొచ్చింది అప్పుడు, మత్తిచ్చి పడుకోబెట్టి మగవాళ్ళ మధ్య అలా ఉండటం తల్చుకుంటేనే వణుకొచ్చేది. కానీ ఆస్పత్రి ఫైల్లో మాత్రం "పేషెంట్ పరీక్షకి నిరాకరించారు" అని ఒక్క లైన్ రాశారు. ఎందుకు వద్దంటున్నారు అని ఒక్క ప్రశ్న వేసుంటే, ఒక ఆడ టెక్నీషియన్ పక్కనుంటుంది, వెనక మాత్రమే తెరిచి ఉండే ప్యాంటు ఇస్తాం అని చెప్పుంటే ఆ రోజే అయిపోయేది. తర్వాత చేయించుకున్నప్పుడు ఆ ప్యాంటు ఇచ్చారు, చేసింది కూడా మగ డాక్టరే, ఏమీ కాలేదు.

రిపోర్టులో పెద్దపేగు మొత్తం పుండ్లు. అల్సరేటివ్ కొలైటిస్, పాన్‌కొలైటిస్ అన్నారు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది, పూర్తిగా పోయే మందు లేదు, కానీ అణిచి ఉంచొచ్చు, ఏళ్ళ తరబడి మామూలుగా ఉండొచ్చు అని డాక్టర్ గారు చాలా వివరంగా చెప్పారు. నాకు కాదు, నాన్నకి. నాన్న పక్క కుర్చీలో నేనే ఉన్నా. వాడాల్సింది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గించుకుంటూ రావాలి, దాంతోపాటు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి పూట మెసలమైన్ ఎనిమా, అంటే వెనక నుంచి లోపలికి ఎక్కించుకునే మందు. అంతా విన్నాక అమ్మ అడిగిన మొదటి మాట, "పెళ్ళవుతుందా సార్?" ఆయన నవ్వి, ముందు జబ్బు తగ్గనివ్వండమ్మా అన్నారు. మా ఇంట్లో ముందు అన్న మాటకి అర్థమే వేరని ఆయనకి తెలీదు.

స్టెరాయిడ్ పనిచేసింది. పది రోజుల్లో రక్తం ఆగింది, ఆకలి వేసింది, నాకు ప్రాణం లేచొచ్చింది. నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, గడ్డం మీద సన్నగా వెంట్రుకలు, మొటిమలు. సరిగ్గా అప్పుడే నర్సరావుపేట సంబంధం వాళ్ళు చూసుకోడానికొస్తామన్నారు. ఇంకో పదిహేను రోజుల్లో పెళ్ళిచూపులు. అమ్మ ఏమీ ఆపమనలేదు, "ఈ ముఖంతో ఎలాగే" అంది అంతే. ఆ రాత్రి నుంచి నేనే మాత్రలు ఆపేశా. 25 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నదాన్ని ఒక్కసారిగా సున్నాకి. స్టెరాయిడ్ బయట్నుంచి వస్తుంటే మన ఒంట్లో అడ్రినల్ గ్రంథులు వాటి పని ఆపేస్తాయట, తిరిగి మొదలుపెట్టడానికి వాటికి టైమ్ కావాలి, అందుకే మెల్లగా తగ్గించమంటారు. నాకది ఎవరూ చెప్పలేదు, నాన్నకి చెప్పారో లేదో కూడా తెలీదు. పెళ్ళిచూపుల రోజు పొద్దున చీర కట్టుకుంటూ కళ్ళు తిరిగి పడిపోయా, బీపీ అందలేదు. ఆ సంబంధం ఎలాగూ పోయింది, జబ్బు అంతకు రెట్టింపై తిరిగొచ్చింది.

డాక్టర్ గారు "మందులు సరిగ్గా వాడరు మీరు" అని కోప్పడ్డారు. ఆయన కోపం న్యాయమే. కానీ ఆయన లెక్కలో మొదటిది పేగు, మా ఇంటి లెక్కలో మొదటిది ముఖం. 23 ఏళ్ళ ఆడపిల్లకి ఆ రెండో లెక్క ఎంత బరువో ఆ గదిలో ఎవరూ పట్టించుకోలేదు. మా బాబాయ్ కొడుక్కి స్టెరాయిడ్స్ వాడితే కాస్త ఒళ్ళు చేశాడ్రా బాగున్నాడు అన్నారు, అదే ముఖం, అదే మందు.

ఎనిమా సంగతి చెప్పాలి. ఐదేళ్ళు నేను ఎనిమా వాడుతున్నానని అబద్ధం చెప్పా. మా ఇంట్లో బాత్రూము దొడ్లో ఉంటుంది, పడుకునేది నడవాలో అమ్మా నేనూ నాయనమ్మా పక్కపక్కన. ఎడమవైపు తిరిగి పడుకుని వేసుకుని అలాగే కదలకుండా ఉండాలి, ఎక్కడ వేసుకోను? ఎవరి ముందు? డాక్టర్ గారు "ఎనిమా వేసుకుంటున్నారా" అంటే నాన్న నా వైపు చూసేవారు, నేను తల ఊపేదాన్ని. ఆ డబ్బాలన్నీ అటక మీద. పేగు చివరి భాగానికి మందు నేరుగా తగలాలంటే నోటి మాత్ర ఒక్కటే చాలదు, రెండూ కలిస్తేనే బాగా పనిచేస్తుంది అని నాకు తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. మాత్రలు చాలట్లేదని 2019లో రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ కలిపారు, నెలనెలా రక్తపరీక్షలు, తెల్లకణాలు పడిపోకుండా చూసుకోడానికి. ఎనిమా సరిగ్గా వాడుంటే ఆ మందు అవసరం పడేది కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

2019 అక్టోబర్లో గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో అందరికంటే నేనే ఎక్కువ సంతోషపడ్డా. మొదటి రోజు ఆఫీసులో నేను చూసింది టాయిలెట్. ఉంది, తాళం వేసి ఉంది, లోపల నీళ్ళ కనెక్షన్ లేదు. మగవాళ్ళు కాలవ గట్టుకి వెళ్ళొచ్చేవాళ్ళు. నేనూ ఏఎన్ఎం గారూ ఇంకో అమ్మాయీ ముగ్గురం పొద్దున ఇంట్లో వెళ్ళొస్తే సాయంత్రం ఇంటికొచ్చేదాకా అంతే. వాళ్ళకి అది ఇబ్బంది, నాకు నరకం. పొద్దున టిఫిన్ మానేశా, నీళ్ళు మానేశా, పల్లెవెలుగు బస్సులో నలభై నిమిషాలు కాళ్ళు బిగించుకుని కూర్చోవడం నేర్చుకున్నా. డాక్టర్ దగ్గరికెళ్తే రోజుకి ఎన్ని మోషన్లు అని అడిగేవారు, నేను మూడు అనేదాన్ని, ఆయన పర్లేదు కంట్రోల్లో ఉంది అని రాసేవారు. మూడు ఎందుకంటే తినట్లేదు కాబట్టి, తాగట్లేదు కాబట్టి. ఎనిమిదికి బదులు మూడయ్యేలా నేను నా రోజుని కోసుకున్నా, ఆ సంగతి ఏ అంకెలోనూ కనపడదు. నీరసం గురించి అసలు చెప్పేదాన్నే కాదు, ఆఫీసు నుంచొచ్చి గిన్నెలు తోమి పడుకునే ఆడవాళ్ళందరికీ నీరసమే కదా, అదొక జబ్బు లక్షణం అని ఎలా అనుకుంటాను.

పెళ్ళి 2021లో అయ్యింది. అబ్బాయికి నేనే ఫోన్ చేసి చెప్పా, అమ్మకి తెలియకుండా. ఆయన పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా విని, "మా అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు, నేను చూసుకుంటా" అన్నారు. మంచి మనిషి, ఆ మాట నిలబెట్టుకున్నారు, కానీ దాని అర్థం నేను అత్తగారింట్లో దాచుకుంటూ బతకాలి అని. మాత్రలు క్యాల్షియం డబ్బాలో పోసుకున్నా. మా అత్తయ్య గారిది మడి ఎక్కువ. దొడ్డికెళ్ళొస్తే స్నానం చేసి బట్ట మార్చుకుంటే తప్ప వంటింట్లోకీ దేవుడి గదిలోకీ రాకూడదు. మామూలు మనిషికి రోజుకొకసారి, అలవాటైపోతుంది. జబ్బు కాస్త రేగిన రోజు నేను ఆరుసార్లు వెళ్తే ఆరుసార్లు తల మీద నీళ్ళు పోసుకోవాలి, లేదా వెళ్ళలేదని అబద్ధమాడి వంటింట్లో నిలబడి ఆ తప్పు దేవుడికి చెప్పుకోవాలి. శ్రావణమాసం వస్తోందంటే నాకు భయం పట్టుకునేది. వరలక్ష్మీ వ్రతం రోజు నా ప్రార్థన ఒక్కటే ఉండేది, పూజ అయ్యేదాకా కడుపులో మెలి రాకూడదు అని. డాక్టర్ గారు మీకు ఏం కావాలి అని అడిగుంటే ఆ ఏడాది నా జవాబు అదే, పూజ రోజు నాలుగు గంటలు.

ఏడాది తిరక్కుండా ఏమైనా విశేషమా అన్న ప్రశ్న మొదలైంది. మా పెద్దత్తయ్య ఒకావిడ నా సంచీలో అజాథయోప్రిన్ స్ట్రిప్ చూసి మెడికల్ షాపులో అడిగితే, ఇది కిడ్నీ మార్చినవాళ్ళు వాడేది, కడుపులో బిడ్డకి ప్రమాదం అన్నారట. ఇంట్లో గొడవ. అప్పుడు బయటపడింది నా జబ్బు, అదీ సగం. నేను భయపడి మందు ఆపేశా, మా డాక్టర్ని అడక్కుండానే. నిజానికి ఈ జబ్బులో అజాథయోప్రిన్ గర్భం సమయంలో కూడా కొనసాగిస్తారు, మెసలమైన్ కూడా, బిడ్డకి అసలు ప్రమాదం జబ్బు రేగి ఉండగా గర్భం రావడం. కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు జబ్బు పూర్తిగా అణిగి ఉన్నాక ప్లాన్ చేసుకోమంటారు. మానేయాల్సిన మందులు వేరే ఉన్నాయి, మెథోట్రెక్సేట్ లాంటివి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. 2022 నవంబర్లో రోజుకి పద్నాలుగు సార్లు రక్తంతో మోషన్లు, జ్వరం, హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో అడ్మిట్ చేశారు.

ఆరు గంటలకోసారి హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్. మూడో రోజు చూస్తాం, తగ్గకపోతే రెండో మెట్టు ఎక్కాలి అని చెప్పారు. ఈ మూడో రోజు అనేది తీవ్రంగా రేగిన కొలైటిస్‌లో చాలా ముఖ్యమట, స్టెరాయిడ్‌కి లొంగుతుందో లేదో అప్పటికి తేలిపోతుంది, లొంగకపోతే వెయిట్ చేసేకొద్దీ పేగుకి ప్రమాదం. రెండో రాత్రికి నావి ఇంకా తొమ్మిది. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారు మూడు దారులు చెప్పారు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్, లేదా సైక్లోస్పోరిన్, ఇవీ రోగనిరోధక శక్తిని అణిచే మందులే, రెండూ పనిచెయ్యకపోతే ఆపరేషన్, పెద్దపేగు తీసేసి కొన్నాళ్ళు పొట్టకి బ్యాగు, తర్వాత చిన్నపేగుతోనే లోపల సంచీ కడతారు. గదిలో అందరూ మాట్లాడారు. అత్తయ్య గారు ఆపరేషన్ అయితే పిల్లలు పుడతారా అని అడిగారు, కటి భాగంలో ఆ ఆపరేషన్ తర్వాత అండవాహికల దగ్గర అతుకులు పడి సహజంగా గర్భం రావడం కష్టమయ్యే అవకాశం పెరుగుతుంది అని ఆయన నిజమే చెప్పారు. నాన్న ఇంజెక్షన్ ఎంతవుతుంది అన్నారు. మా ఆయన, తనకి సెలవు ఎన్నాళ్ళు పెట్టాలి అన్నారు. అమ్మ ఏడుస్తూ కూర్చుంది. సాయంత్రానికి మీరంతా కలిసి ఒక నిర్ణయానికి రండి అని ఆయన వెళ్ళిపోయారు.

వాళ్ళందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక డ్యూటీ సిస్టర్ సెలైన్ మార్చడానికొచ్చింది. శ్రీకాకుళం యాస. ట్యూబు సరిచేస్తూ, "నీకేటి కావాలమ్మా ముందు?" అంది. పిల్లలు అన్నా. "అది మీ అత్త పొద్దున్నే సెప్పీసినారు. నీకేటి కావాల?" అంది.

నాకు జవాబు రాలేదు. చాలాసేపు రాలేదు. ఆరేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. తర్వాత నోట్లోంచి వచ్చింది ఏంటో తెలుసా, "ఆఫీసులో మంచినీళ్ళు తాగాలి సిస్టర్" అన్నా, అని ఏడ్చేశా. ఆమె నవ్వలేదు, స్టూలు లాక్కుని కూర్చుంది. మిగతావి కూడా చెప్పమంది. చెప్పా. ఎనిమా వేసుకోడానికి చోటు లేదని, మడి గురించి, బస్సు గురించి, స్టెరాయిడ్ మళ్ళీ నెలల తరబడి వాడే పరిస్థితి వద్దని, పిల్లలు కావాలి కానీ నేను లేచి తిరిగే మనిషినయ్యాక కావాలి అని. ఛార్టు వెనకాల ఖాళీ కాగితం ఇచ్చి ఇవే రాయి, నీ చేత్తోనే సార్‌కి ఇయ్యి అంది.

సాయంత్రం ఆయన ఆ కాగితం నిలబడే చదివారు, తర్వాత కూర్చుని రెండోసారి చదివారు. మా వాళ్ళని బయట ఉండమన్నారు. అప్పుడు మొదటిసారి నాతో మాట్లాడారు. ఎనిమా వాడలేదని అప్పుడే ఒప్పుకున్నా, ఆయన కోప్పడలేదు, ఇప్పుడర్థమైంది మందులు ఎందుకు పనిచేయట్లేదో అన్నారు. 2021లో ఈ జబ్బు డాక్టర్లు కొత్తగా పెట్టుకున్న టార్గెట్లలో పుండ్లు మానడంతో పాటు మనిషి జీవితం మళ్ళీ మామూలుగా నడవడం కూడా ఒక టార్గెట్ అని చెప్పారు, స్ట్రైడ్ 2 అంటారట దాన్ని. నీ కాగితంలో ఉన్నది అదేనమ్మా అన్నారు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనుకున్నాం. ముందు టీబీ లేదని చూసుకోవాలి, ఛాతీ ఎక్స్‌రే, చేతి మీద మాంటూ టెస్టు, ఎందుకంటే ఒంట్లో దాగున్న టీబీ ఈ మందుతో పైకి లేస్తుంది, మన దేశంలో అది మామూలు భయం కాదు. కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన నా 46 కిలోలకి మూడు వయల్స్ పట్టింది. మొదటిది, రెండు వారాలకి, ఆరు వారాలకి, తర్వాత ఎనిమిది వారాలకోసారి. ఖర్చు మా ఇంటికి చాలా ఎక్కువ. తక్కువలో టోఫాసిటినిబ్ అని మాత్రలున్నాయి, నెలకి అయ్యేది వేలల్లోనే, ఇంట్లోనే మింగొచ్చు, కానీ అది వాడుతూ గర్భం రాకూడదు. అంటే నేను ఆడదాన్ని కాబట్టి, పిల్లలు కావాలి కాబట్టి చవక మందు నాకు కుదరదు. ఇంత డబ్బు పెట్టాలా అని మాట వచ్చినప్పుడు మా ఆయన ఒక్కటే అన్నారు, పిల్లలు నీ ఒక్కదానికే కాదు కదా, మరి ఆ ఖర్చు నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది అని. నా గాజులు రెండు, ఆయన బండి పోయాయి.

ఓపీ బెంచీల మీద కూర్చున్నప్పుడు ఎంతోమంది పరిచయమయ్యారు, వాళ్ళల్లో ఇద్దర్ని మర్చిపోలేను. చిలకలూరిపేట వైపు లారీ డ్రైవర్ ఒకన్న, ఆయనకి నాగపూర్ దాకా బండి ఆపకుండా వెళ్ళగలగాలి, అంతే, ఓనరుకి తెలిస్తే బండి దింపేస్తాడు. ట్రిప్పుకి ముందు రోజంతా పస్తుండేవాడట. ముఖం ఉబ్బడం, జుట్టు రాలడం ఆయనకి లెక్కే కాదు. ఆయన భార్య చెప్పింది, పెళ్ళయ్యాక పిల్లల్లేరని రెండేళ్ళు ఆమెకే స్కానింగులు, గొట్టాల టెస్టు, ఇంజెక్షన్లు, ఊళ్ళో మాటలు. ఆయన వాడేది చవగ్గా దొరికే సల్ఫాసలజీన్. ఆ మందు మగవాళ్ళలో వీర్యకణాల్ని తగ్గిస్తుంది, మానేసి మెసలమైన్‌కి మారిస్తే రెండు మూడు నెలల్లో మళ్ళీ మామూలవుతుంది. రెండేళ్ళలో ఆయన్ని పరీక్ష చేయించుకోమని ఎవరూ అనలేదు, ఆమెని ఎవరూ వదల్లేదు. మందు మార్చాక బాబు పుట్టాడు. ఆమె ఇది చెప్తున్నప్పుడు ఆయన తల దించుకుని కూర్చున్నాడు, ఆమె మాత్రం గట్టిగానే చెప్పింది, పక్క బెంచీవాళ్ళకి వినపడేలా.

ఇంకొకరు పాత గుంటూరు అక్క, ముస్లిం. ఆమెకి ఆపరేషన్ తప్పదని చెప్పాక కూడా ఏడాదిన్నర ఒప్పుకోలేదట. అందరూ కత్తి భయం అనుకుని ఆపరేషన్ ఎంత సేఫో చెప్పుకుంటూ పోయారు. ఆమె భయం అది కాదు, బ్యాగులో ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, నమాజుకి ముందు కడుక్కునే శుద్ధి, వుజూ, నిలవదు, ఇక జీవితాంతం నమాజ్ చదవలేనేమో అని. ఆ మాట మగ డాక్టర్లకి, హిందూ సిస్టర్లకి ఎలా చెప్పాలో తెలీలేదంది. చివరికి వాళ్ళ తమ్ముడు మసీదులో అడిగొస్తే, ఇలా ఆపుకోలేని కారణం ఉన్నవాళ్ళు ఒక్కో నమాజు వేళకి ఒక్కసారి వుజూ చేసుకుంటే చాలు అన్నారట. మర్నాడే సంతకం పెట్టింది. రోజాలు మాత్రం నీళ్ళు తగ్గిపోతాయని డాక్టర్ వద్దన్నారు, దానికి బదులు రోజుకొకరికి అన్నం పెడుతున్నా అని చెప్పింది. నా మడి సంగతి ఆమెకి చెప్తే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చాక నేను అత్తయ్య గారికి పూర్తిగా చెప్పా, ఆ ఛార్టు కాగితం చదివి వినిపించా. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజులాగి, మా అమ్మకి కూడా ఇలాంటిదే ఉండేదేమో, దొడ్లోంచి వచ్చి ప్రతిసారీ తడి బట్టల్తో వణికేది, మాకు తెలిసేది కాదు అన్నారు. పల్లెటూళ్ళలో మజ్జిగన్నం తినేవాళ్ళకి ఇలాంటి జబ్బులేంటి, ఇది పట్నం జబ్బు అని మా చుట్టాలు అంటుంటారు, కానీ తెలంగాణలో చేసి 2023లో బయటికొచ్చిన స్టడీలో పల్లెల్లో కూడా పట్నాల్లో దాదాపు ఉన్నంతే కనపడింది. మరి ముందు తరాల్లో ఎంతమంది చెప్పుకోలేదో. మడి మానేయలేదు ఆవిడ, ఆవిడ నమ్మకం ఆవిడది. కానీ నాకు కాళ్ళు చేతులు కడుక్కుంటే చాలు అన్నారు, ఎనిమాకి పెరటి గది ఖాళీ చేయించి గడియ పెట్టించారు. ఆఫీసులో టాయిలెట్‌కి నీళ్ళ కోసం నేనూ ఏఎన్ఎం గారూ కలిసి అర్జీ పెట్టి, మూడుసార్లు మండలానికి తిరిగాం. మోటారు వచ్చింది. నా టేబుల్ మీద ఇప్పుడు లీటరు బాటిల్ ఉంటుంది.

ఎనిమిది నెలలు జబ్బు అణిగి, మలపరీక్షలో పేగు వాపుని చూపించే క్యాల్‌ప్రొటెక్టిన్ మామూలుకొచ్చాక అప్పుడు ప్లాన్ చేసుకున్నాం. నెలలు నిండుతున్నప్పుడు గైనకాలజిస్టునీ గ్యాస్ట్రో డాక్టర్నీ ఫోన్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేశా, ఒకరు ఆపమన్నది ఇంకొకరు వాడమనకుండా. 2024 సెప్టెంబర్లో పాప పుట్టింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మాయ ద్వారా బిడ్డకి చేరి కొన్ని నెలలు ఒంట్లో ఉంటుంది, అందుకని పుట్టగానే వేసే బీసీజీ, నోట్లో వేసే పోలియో, రోటా చుక్కలు మా డాక్టర్ వద్దన్నారు, అవి బతికున్న క్రిములతో చేసిన టీకాలు. మిగతావన్నీ టైముకే. ప్రసూతి వార్డులో టీకా వద్దంటే నన్ను వింతగా చూశారు, సర్కారు ఉద్యోగి అయ్యుండి టీకా వద్దంటుందేంటి అని. చీటీ చూపించాల్సొచ్చింది, నాలుగుసార్లు. భుజం మీద మచ్చ లేదేంటి అని అత్తయ్య గారి చుట్టాలు అడిగితే ఈసారి జవాబు ఆవిడే చెప్పారు, మా కోడలికి కొలైటిస్, డాక్టర్ ఆగమన్నారు అని. కొలైటిస్ అన్న మాట ఆవిడ నోట్లోంచి నలుగురి ముందు అలా వచ్చింది.

మన షెడ్యూల్లో బీసీజీ ఏడాది లోపే వెయ్యాలి. పదకొండో నెలలో మా సచివాలయం ఏఎన్ఎం గారే వేశారు, బుధవారం రోజు. పాప ఏడిచింది, నేను బాటిల్లోంచి రెండు గుక్కలు నీళ్ళు తాగి ఎత్తుకున్నా.